సూర్యాపేటకు రోజూ పోయి వచ్చేవాడు ఎలక్ట్రిక్ కారు కొనొచ్చా?

సీను_నల్లగొండ
ఉండేది నల్లగొండ, ఉద్యోగం సూర్యాపేట. రానూ పోనూ వంద కిలోమీటర్లు, ఆదివారం తప్ప రోజూ. ఉన్న పెట్రోల్ కారు ముసలిదైంది, లీటరుకు పదిహేను ఇవ్వడానికే ఏడుస్తోంది. నెలకు పెట్రోలుకే పదిహేడు వేలు. బావమరిది ఎలక్ట్రిక్ కొనమని వెంటపడ్డాడు. మా నాన్నేమో బ్యాటరీ పోతే ఏడాది జీతం పోతుందంటాడు. షోరూంకు పోతే అక్కడి పిల్లగాడు "ఖర్చే ఉండదు సార్" అన్నాడు. ఖర్చే ఉండదనేసరికి నాకు ఇంకా భయం పట్టుకుంది. మాది అద్దె ఇల్లు, కింద పార్కింగ్ ఉంది. వాడుతున్నవాళ్లు చెప్పండి, వీడియోలు చూసి చెప్పేవాళ్లు వద్దు.

చిట్యాల_చిన్నోడు
వీడియోలు చూసేవాళ్లను తీసేస్తే ఇక్కడ మిగిలేది నలుగురం అన్నా.

దేవరకొండ_మాష్టారు
వాడుతున్నాను, చెబుతా. నాది 45 కిలోవాట్ అవర్, అంటే 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న టాటా నెక్సాన్. ఒకసారి ఫుల్ ఛార్జ్ చేస్తే కాగితం మీద 489 కిలోమీటర్లు. అది ల్యాబులో కొలిచిన లెక్క, దాన్ని మర్చిపో. ఎనభై, తొంభై స్పీడులో ఏసీ వేసుకుని పోతే 320 నుంచి 350 మధ్య వస్తుంది. హైవే మీద 110 పట్టుకుంటే ఇంకా పడిపోతుంది. పెట్రోల్ బండికి ఊళ్లో మైలేజీ తక్కువ, హైవేలో ఎక్కువ కదా, దీనికి తిరగబడి ఉంటుంది. ఊళ్లో కాలు తీసినప్పుడల్లా మోటారు కొంత కరెంటును బ్యాటరీకి తిరిగి పంపుతుంది. హైవేలో ఆ అవకాశం తక్కువ, స్పీడు పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుపోవడానికే శక్తంతా పోతుంది.

నీ వంద కిలోమీటర్లకు పదిహేను, పదహారు యూనిట్లు పడతాయి. మామూలు 15 ఆంప్స్ ప్లగ్గుకు పెడితే అయిదారు గంటలు. పడుకునే ముందు పెట్టు, లేచేసరికి అయిపోతుంది. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు. సర్వీసులో కూలెంట్, బ్రేకులు, ఏసీ ఫిల్టరు చూసి పంపిస్తారు. టైర్లు మాత్రం పెట్రోల్ కారు కన్నా ముందే అరుగుతాయి. బండి బరువెక్కువ, పికప్ ఎక్కువ. నా వయసులో కూడా సిగ్నల్ దగ్గర ఒక్కసారి తొక్కుదామనిపిస్తుంది.

చిట్యాల_చిన్నోడు
మాష్టారూ, పిల్లలకు రోడ్డు భద్రత పాఠం చెప్పేది మీరేనా?

కరెంటోడు
ఛార్జింగ్ ఖర్చు గురించి షోరూం వాళ్లు చెప్పే లెక్కను ఎవరూ నమ్మకండి. "యూనిట్ అయిదు రూపాయలు, కిలోమీటరుకు డెబ్బై పైసలు" అంటారు. మన దగ్గర శ్లాబులున్నాయి. సీను గారి ఇంట్లో ఇప్పుడు 150 యూనిట్లు కాలుతున్నాయనుకుందాం. మొదటి వందకు 3.40, తర్వాతి యాభైకి 4.80, మొత్తం 580 రూపాయలు. నెలకు 2,400 కిలోమీటర్లు తిరిగితే ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి ఇంకో 380 యూనిట్లు వస్తాయి. అంటే 530. రెండు వందలు దాటితే ఆ కింది రేట్లు మాయమవుతాయి. మొదటి 200కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9, మిగతా 130కి 9.50. వేసి చూడండి, 3,925 వస్తుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. అంటే కారు వల్ల పెరిగేది నెలకు సుమారు 3,350.

అయినా పదిహేడు వేల పెట్రోలు ముందు ఇది తక్కువే. కాకపోతే డెబ్బై పైసలు కాదు, కిలోమీటరుకు రూపాయి నలభై పైసలు.

సీను_నల్లగొండ
ఇన్నాళ్లకు ఒక మనిషి లెక్క చెప్పాడు. మరి గృహజ్యోతి ఉచిత కరెంటు సంగతేంటి? మా ఇంటికి జీరో బిల్లు వస్తోంది.

కరెంటోడు
200 యూనిట్లు దాటిన నెల జీరో బిల్లు ఉండదు, మొత్తం కట్టాలి. అప్పుడు మీ పెరుగుదల 3,350 కాదు, పూర్తి 3,925.

నకిరేకల్_నాగన్న
పదిహేను లక్షల కారు, జీరో బిల్లు. సర్కారు మంచిదే, మనమే మంచోళ్లం కాదు 😀

సీను_నల్లగొండ
నాగన్నా, కారు ఇంకా కొనలేదు. రేషన్ కార్డు మా అమ్మ పేరు మీద ఉంది. పంచాయితీ పెట్టకు.

మిర్యాలగూడ_మిల్లు
అందరూ నెల ఖర్చు చెబుతున్నారు, కొన్న ధర ఎవరూ చెప్పడం లేదు. అదే సైజు పెట్రోల్ కారు కన్నా ఎలక్ట్రిక్ మూడు, నాలుగు లక్షలు ఎక్కువ. మొన్న 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, సెస్సు కూడా పోయింది. ఎలక్ట్రిక్‌కు 2019 నుంచీ 5 శాతమే, దానికి కొత్తగా దిగేదేం లేదు. అంటే తేడా ఇంకా పెరిగింది. నేను నెలకు నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. మిల్లు, ఇల్లు, పెళ్లిళ్లు. నాకు నెలకు మిగిలేది రెండు వేల అయిదు వందలు. ఆ మూడు లక్షలు ఎప్పటికి తీరాలి? బ్యాంకులో పడేస్తే వడ్డీ అయినా వస్తుంది.

దేవరకొండ_మాష్టారు
మీ లెక్క మీకు కరెక్టే. కానీ రోడ్ ట్యాక్స్ మరిచారు. మన రాష్ట్రంలో పది నుంచి ఇరవై లక్షల కారుకు లైఫ్ ట్యాక్స్ 17 శాతం. పన్నెండు లక్షల పెట్రోల్ కారుకు రెండు లక్షల పైనే. ఎలక్ట్రిక్‌కు 2024 నవంబరు నుంచి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ పూర్తిగా మాఫీ. అది 2026 డిసెంబర్ 31 వరకే. తర్వాత పొడిగిస్తారో లేదో ఆ సర్కారుకే తెలియాలి. ఆన్ రోడ్ ధరలు పక్కపక్కన పెడితే మీ మూడు లక్షల తేడా చాలా మోడళ్లకు లక్ష, లక్షన్నరకు వస్తుంది.

మిర్యాలగూడ_మిల్లు
సరే, లక్షన్నరే అనుకుందాం. ఇన్సూరెన్స్?

దేవరకొండ_మాష్టారు
థర్డ్ పార్టీకి 15 శాతం తగ్గింపు ఉంది. కానీ బండి ధర ఎక్కువ కాబట్టి మన బండి డ్యామేజీకి కట్టే (ఓన్ డ్యామేజీ) ప్రీమియం ఎక్కువే పడుతుంది. బ్యాటరీకి నీళ్లు, షార్ట్ సర్క్యూట్ కవర్ అయ్యే యాడ్-ఆన్ తీసుకుంటే ఇంకాస్త. ఆ విషయంలో మీరే గెలిచారు.

పాలమూరు_టాక్సీ
నేను ఎల్లో ప్లేటు బండి నడుపుతా. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు, 44వ నంబరు హైవే. రోజుకు రెండు ట్రిప్పులు పడితే మూడు వందలు దాటుతుంది. మిల్లు సార్ లాంటి వాళ్లకు లాభం లేదు గానీ మాలాంటోళ్లకు ఇది పండగే. డీజిల్ పోసిన రోజుల్లో నెలాఖరుకు చేతిలో ఏం మిగిలేది కాదు. ఇప్పుడు కిస్తీ పోను ఇంటికి ఇస్తున్నా.

కానీ ఒక్క మాట. బయట ఫాస్ట్ ఛార్జర్‌లో పెడితే యూనిట్‌కు పద్దెనిమిది నుంచి ఇరవై అయిదు రూపాయలు పడుతుంది, జీఎస్టీతో కలిపి. అంటే కిలోమీటరుకు మూడు రూపాయల పైనే. రోజూ బయటే పెట్టుకునేటోడికి డీజిల్ కన్నా మిగిలేది కొంచెమే, గంట సేపు కూర్చోవడం అదనం. రాత్రి ఇంటి దగ్గర ఫుల్ చేసుకుంటేనే ఈ ధంధా నడుస్తది. నేను మధ్యాహ్నం ఒక్కసారే బయట పెడతా, అన్నం తినే టైముకు.

సూర్యాపేట_స్వాతి
టాక్సీ అన్నా చెప్పిందే అసలు విషయం. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే మిగతా లెక్కలన్నీ దండగ. సీను గారూ, కారు గురించి తర్వాత, ముందు ఓనరుతో మాట్లాడారా?

సీను_నల్లగొండ
అడగలేదక్కా. నేను నీళ్ల మోటారు రెండుసార్లు వేస్తేనే ఆయన గొడవకు కిందికి దిగి వస్తాడు.

నకిరేకల్_నాగన్న
అయితే కారు కన్నా ముందు ఇల్లు మారు తమ్ముడూ.

దామరచర్ల_దుమ్ము
మా ఊరి మీదుగా పోతూ ఒకసారి చూడండి. వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు పెట్టారు. మీరు పట్నంలో పొగ లేని కారు నడపడానికి మా దగ్గర బొగ్గు కాల్చాలి. మీ పొగ గొట్టం తీసి మా ఊళ్లో పెట్టారు, అంతే. పర్యావరణం కోసం కొన్నానని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది.

కరెంటోడు
మీ బాధ నిజమే, బూడిద ఎవరి మీద పడుతుందో వాళ్లకే తెలుస్తుంది. కానీ లెక్క కొంచెం వేరు. ఈ కారు కిలోమీటరుకు 0.16 యూనిట్ తింటుంది. దేశం మొత్తం కరెంటు సగటు తీస్తే యూనిట్‌కు 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. అంటే కిలోమీటరుకు 115 గ్రాముల చుట్టుపక్కల. పెట్రోల్ లీటరు కాలితే 2.3 కిలోలు, పదిహేను మైలేజీకి 150 గ్రాములు, రిఫైనరీలో అయ్యేది లెక్కలోకి రాలేదు. తేడా ఉంది, షోరూం బోర్డు మీద రాసినంత లేదు. అంతా బొగ్గు కరెంటే అనుకుంటే రెండూ దాదాపు సమానం. మన దగ్గర సాగర్, శ్రీశైలం, జూరాల నీళ్లున్నప్పుడు హైడల్ వస్తుంది, పగలు సోలార్ వస్తుంది. రాత్రి పెట్టుకునే ఛార్జింగ్‌కు మాత్రం ఎక్కువగా మీ ప్లాంటు లాంటివే దిక్కు.

దామరచర్ల_దుమ్ము
ఇంత నిజాయితీగా చెప్పే డిపార్ట్‌మెంటు మనిషిని మొదటిసారి చూస్తున్నా.

వనపర్తి_వాసి
సొంత ఇల్లుంటే సోలార్ పెట్టుకోండి, ఈ గొడవంతా పోతుంది. పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ. మన ఎండకు నెలకు 350 యూనిట్ల దాకా వస్తాయి. నెట్ మీటర్ ఉంటే పగలు లైనుకు పంపింది, రాత్రి వాడుకున్నదానిలో కొట్టేస్తారు. నా కారు, ఇల్లు కలిపి బిల్లు చాలా నెలలు నామమాత్రమే. వానాకాలం మాత్రం పెరుగుతుంది.

తిరుమలగిరి_రైతు
మా తండా దగ్గర పొద్దుగూకితే వోల్టేజీ పడిపోతుంది, బల్బు దీపంలా ఉంటుంది. మా అల్లుడు పండక్కి ఎలక్ట్రిక్ కారేసుకొచ్చి ప్లగ్గు పెట్టాడు. ఛార్జర్ ఎక్కడం, ఆగడం, ఎక్కడం, ఆగడం. చివరికి ఆపేసి హాలియాకు పోయి పెట్టుకొచ్చాడు. బోరు దగ్గర త్రీ ఫేజ్ మంచిగుంటది, అక్కడ పెట్టుకోమందామనుకున్నా.

కరెంటోడు
రైతన్నా, ఆ మాట నాకు వినపడలేదు. సాగుకిచ్చే ఉచిత కరెంటుకు కారు తగిలిస్తే కేసు. కారు కాలితే ఇన్సూరెన్స్ కూడా రాదు.

తిరుమలగిరి_రైతు
అనుకున్నా అన్న, పెట్టలేదన్న.

చిట్యాల_చిన్నోడు
😂😂 కారుకు కూడా రైతు భరోసా అడుగుతారు.

సూర్యాపేట_స్వాతి
వోల్టేజీ కన్నా ఎర్తింగ్ ముఖ్యం. పాత ఇళ్లలో ప్లగ్గుకు మూడో బొక్క ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. ఎర్త్ సరిగా లేకపోతే ఛార్జర్ ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది, అసలు ఎక్కదు. మా ఇంట్లో కొత్తగా గుంత తీసి ఎర్త్ రాడ్ వేయించి, మీటరు నుంచి విడిగా మందం వైరు లాగించి, దానికో ఎంసీబీ (లోడెక్కువైతే తనే పడిపోయే స్విచ్చు) పెట్టిస్తేనే పని చేసింది. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఏసీ అయితే కాసేపు నడిచి కంప్రెసర్ ఆగుతుంది, కారు ఆరు గంటలు ఒకటే లోడు లాగుతుంది, ప్లగ్గు కరిగిపోతుంది.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ ఛార్జర్ (వాల్‌బాక్స్) కావాలంటే లోడు పెంచుకోవాలి, చాలా ఇళ్లకు త్రీ ఫేజ్ కనెక్షన్ కూడా అడగాల్సి వస్తుంది. రోజుకు వందకు అది అవసరం లేదు.

కోదాడ_కుర్రాడు
ఎవరూ సంక్రాంతి గురించి చెప్పలేదేంటి? పండగకు ముందు 65వ నంబరు హైవే ఎక్కి చూడండి. పంతంగి టోల్ దగ్గర క్యూ ఒకటి, దాటాక ఛార్జింగ్ క్యూ ఇంకొకటి. ఒక స్టేషన్‌లో రెండు ఛార్జింగ్ గన్నులుంటే ఒకటి పని చేయదు. ఇంకోదాని దగ్గర నా ముందు నాలుగు కార్లు, ఒక్కోటి ముక్కాలు గంట. ఇంకో చోటికి పోతే యాప్‌లో "అందుబాటులో ఉంది" అని చూపిస్తోంది, ఎదురుగా మిషన్ మీద గోనెపట్టా కప్పి ఉంది. పైగా ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. అన్నింట్లో రెండేసి వందలు ఇరుక్కుని ఉన్నాయి.

పాలమూరు_టాక్సీ
80 శాతం కాగానే గన్ను తీసి పక్కకు జరగాలి. ఆ తర్వాత చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. వంద దాకా పట్టుకుని కూర్చునే ఫ్యామిలీలను చూస్తే బీపీ లేస్తది.

కోదాడ_కుర్రాడు
అదే. లోపల వాళ్లు ఏసీ వేసుకుని సినిమా చూస్తుంటారు.

అచ్చంపేట_అడవి
శ్రీశైలం పోయేవాళ్లకు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక అంతా అడవే, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకు గేటు వేసేస్తారు. ఛార్జింగ్ ముందే చూసుకోండి. ఘాట్ ఎక్కేటప్పుడు శాతం జారిపోతుంటే కంగారు పడకండి, డ్యామ్ వైపు దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది. బ్రేకు మీద కాలు పెట్టకుండా రీజెన్ (కాలు తీస్తే మోటారు కరెంటును బ్యాటరీకి తిరిగి పంపడం) పెంచుకుంటే చాలా మలుపులు దానంతటదే ఆగుతూ పోతుంది, బ్రేకులు వేడెక్కి వాసన రావు. ఒక్కటే, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు రీజెన్ సరిగా పని చేయదు, తిరిగొచ్చే కరెంటుకు చోటుండదు కదా. కొండ మీదే ఫుల్ చేసి దిగకండి.

సీను_నల్లగొండ
శ్రీశైలం సంగతి బాగుంది గానీ, మా నాన్న అడిగే బ్యాటరీ ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు.

దేవరకొండ_మాష్టారు
చాలా కంపెనీలు బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు వారంటీ ఇస్తాయి. ఇప్పుడు కొన్ని మోడళ్లకు లైఫ్‌టైమ్ అంటున్నారు. అది మొదటి ఓనరుకే. నువ్వు అమ్మితే కొన్నవాడికి మళ్లీ ఆ ఎనిమిదేళ్ల లెక్కే. నువ్వు తిరిగే తీరుకు అయిదున్నర ఏళ్లలోనే 1,60,000 అవుతుంది, కాబట్టి నీకు కిలోమీటర్లే ముందు అయిపోతాయి, ఏళ్లు కాదు. వారంటీ కాగితంలో అది చూసి సంతకం పెట్టు.

మీ నాన్న భయపడినట్టు బ్యాటరీ ఒక్క రోజులో చచ్చిపోదు, ఏటా కొంచెం కొంచెం సామర్థ్యం తగ్గుతుంది. మన ఎండలకు కూడా కంగారు అక్కర్లేదు, మంచి బండ్లలో బ్యాటరీ చుట్టూ కూలెంట్ తిరుగుతుంది. మే నెలలో ఎండలో నిలబెట్టి వచ్చి వెంటనే ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే మాత్రం స్పీడు తనే తగ్గించుకుంటుంది.

సూర్యాపేట_స్వాతి
నా బండి పెద్ద బ్యాటరీతో ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టింది చిన్నది. దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులో మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటుంటుంది. అది డౌన్ అయితే రిమోటుతో తలుపు కూడా తీయలేం. కింద 90 శాతం ఛార్జింగ్ ఉంది, బండి కదలదు. సర్వీస్ సెంటరువాళ్లు హైదరాబాద్ నుంచి మనిషి రావాలన్నారు. పక్క వీధి మెకానిక్ వచ్చి జంప్ ఇచ్చి రెండు వందలు తీసుకున్నాడు.

మిర్యాలగూడ_మిల్లు
అదీ నా అసలు భయం. నట్టు ఊడినా హైదరాబాద్ పోవాలి. పెట్రోల్ బండికి ప్రతి ఊరి మూలన మేస్త్రీ ఉంటాడు.

దేవరకొండ_మాష్టారు
ఒప్పుకుంటా. మన జిల్లాల్లో ఇది పెద్ద లోటే. ఒకసారి సాఫ్ట్‌వేర్ సమస్యకు నా బండి వారం రోజులు వర్క్‌షాపులో ఉంది. ఆ వారం బస్సెక్కా.

గద్వాల_జరీ
బ్యాటరీ అద్దెకిచ్చే పద్ధతి ఎవరైనా చూశారా? ఎంజీ వాళ్ల విండ్సర్ కారుకు 2024లో అలా మొదలుపెట్టారు, కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకు 3.5 రూపాయలు.

నకిరేకల్_నాగన్న
చూశా. 3.5కు కరెంటు రూపాయి నలభై కలుపు, దాదాపు అయిదు. పెట్రోల్ ఏడు. మిగిలేది రెండు. పేరు మార్చిన కిస్తీ అది.

వనపర్తి_వాసి
మరో సంగతి. మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమర రాజా వాళ్లు లిథియం సెల్ ఫ్యాక్టరీ పెడుతున్నారు. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి అని 2022లో ఒప్పందం, 2023 మేలో శంకుస్థాపన. సెల్స్ ఇక్కడే తయారైతే బ్యాటరీ ధర దిగుతుందని ఆశ. ఇంకో రెండేళ్లు ఆగితే మంచిదేమో.

పాలమూరు_టాక్సీ
ఫ్యాక్టరీ మా ఊరి పక్కనే, సంతోషమే. కానీ సీనన్న రెండేళ్లు ఆగితే పెట్రోలుకు నాలుగు లక్షలు పోస్తాడు. బ్యాటరీ ధర అంత దిగుతదా?

సీను_నల్లగొండ
నిన్న సాయంత్రం ఓనరుతో మాట్లాడా. ముందు "కారు పేలితే ఇల్లెవడు కడతాడు" అన్నాడు. కరెంటోడు గారి లెక్క చూపించి, వైరింగ్, ఎర్తింగ్ ఖర్చు నాదే, ఖాళీ చేసినా అవి మీకే వదిలేస్తా అంటే మెత్తబడ్డాడు. ఇప్పుడు కొత్త షరతు పెట్టాడు. తన స్కూటీ కూడా అదే ప్లగ్గుకు పెట్టుకుంటాడట.

నకిరేకల్_నాగన్న
అద్దెలోంచి కోసుకో.

సూర్యాపేట_స్వాతి
స్కూటీకి రాత్రికి రెండు, మూడు యూనిట్లే. ఒప్పేసుకోండి, మళ్లీ మనసు మార్చుకుంటాడు. రోజుకు వంద తిరిగేవాళ్లకు ఇంతకన్నా మంచి బేరం దొరకదు. కానీ మీ సూర్యాపేట ఆఫీసులో కూడా ఒక ప్లగ్గు అడిగి పెట్టుకోండి, రాత్రి కరెంటు పోయిన రోజు పనికొస్తుంది.

మిర్యాలగూడ_మిల్లు
నేను మాత్రం పెట్రోలే కొంటున్నా. సీనుకు వద్దని మాత్రం అనను, నా తిరుగుడు వేరు, ఆయన తిరుగుడు వేరు.

సీను_నల్లగొండ
కరెంటోడు గారూ, ఒక్కటి చెప్పండి. ఓనరు మీటరుకే పెట్టుకుంటే ఆయన శ్లాబు కూడా ఎగిరిపోతుంది కదా, వేరే మీటరు తీసుకోవచ్చా?

కరెంటోడు
మీ పోర్షన్‌కు విడి మీటరు ఉందా లేదా ముందు చూడండి. ఉంటే పార్కింగ్ ప్లగ్గుకు వైరు మీ మీటరు నుంచే లాగించండి, ఆయన శ్లాబు జోలికి పోదు. లేకపోతే ఈవీ ఛార్జింగ్‌కు వేరే కేటగిరీ ఉంది, దానికి శ్లాబులు లేవు, సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఓనరు సంతకం కావాలి. స్కూటీకి ఒప్పుకున్న రోజే ఆ సంతకం కూడా పెట్టించుకోండి.